నాన్నగారు, గోల్డ్‌బాక్, అమ్మ కంటి ఆపరేషన్

తెనాలిలో ఉంటున్న తన తండ్రి గురించి హైదరాబాద్ నుంచి ఒక కూతురు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. సారాంశం ఇది.

ఆయనకి అరవై ఏడేళ్ళు. ఎయిడెడ్ జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్‌గా రిటైరయ్యారు. ఆ చుట్టుపక్కల ఇంజనీర్లయిన వాళ్ళలో చాలామంది ఆయన దగ్గర కాలిక్యులస్ నేర్చుకున్నవాళ్ళే. నాలుగేళ్ళుగా ఆయన ఒకే ఒక్క లెక్క పట్టుకుని కూర్చున్నారు: 2 కంటే పెద్దదైన ఏ సరి సంఖ్యనైనా రెండు ప్రధాన సంఖ్యల మొత్తంగా రాయొచ్చు. దీన్ని గోల్డ్‌బాక్ ఊహ అంటారు, ఇప్పటిదాకా ఎవరూ నిరూపించలేదు. పోయినేడు సంక్రాంతికి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ‘రుజువు దొరికేసింది’ అన్నారు. ప్రొఫెసర్లకి పంపితే ఒక్కరూ జవాబివ్వలేదు. ఒక ‘అంతర్జాతీయ’ పత్రిక మాత్రం వారం తిరక్కుండా ఒప్పుకుని, 18 వేలు కట్టించుకుని వేసేసింది. ఇప్పుడు ప్రత్యేక సంచికలో వేస్తామంటూ మరో 40 వేలు అడుగుతోంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న అల్లుడు అందరి ముందూ పదకొండో పేజీలో ఆగి, “ఇది ఎలా వచ్చింది మావయ్యగారూ?” అన్నాడు. అంతే, ఆర్నెల్లుగా మాటల్లేవు. నోటుపుస్తకాలు ఎవరైనా కొట్టేస్తారని బీరువాలో పెట్టి తాళం వేసుకుంటున్నారు. బంధువులు ‘ఈ వయసులో ఈయనకిదేం పిచ్చి’ అని నవ్వుకుంటున్నారు. అమ్మకి శుక్లం ఆపరేషన్ రెండుసార్లు వాయిదా పడింది, ఆయన “ఈ వారం ఒక్కటి ఆగు” అన్నందుకు.

ఆమె మాటల్లోనే చివరి భాగం: “నాన్నగారు ఒకటే అంటారు. ఎదురుగా కనిపిస్తోంది కదా, చిన్నపిల్లాడికి చెప్పినా అర్థమవుతుంది కదా, ఇంత తేలిక విషయాన్ని ఎందుకు ఒప్పుకోరు అని. ఆయన ఎంత తెలివైనవారో నాకు తెలుసు. అంత తెలివైన మనిషికి తన తప్పు ఎందుకు కనపడదండీ? మానేయమని గట్టిగా చెప్పాలా? డాక్టర్‌కి చూపించాలా? మావారు క్షమాపణ చెప్పాలా?” మొదటి మూడు పేజీలు, ఆ పదకొండో పేజీ ఫొటోలు తీసి జతచేశారు.

సమాధానం:

అమ్మా, అంత పెద్ద ఉత్తరంలో మీ అమ్మగారి కన్ను గురించి ఉన్నది ఒక్క వాక్యం. నేను అక్కణ్ణించే మొదలుపెడతాను. ఆపరేషన్ తేదీ మీరు తీసుకోండి. నాన్నగారిని అడగొద్దు, చెప్పండి. ఆయన రాకపోయినా మీరు వెళ్ళి అమ్మని తీసుకెళ్ళండి. శుక్లం ఆపరేషన్‌కి సాధారణంగా పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంటికి పంపించేస్తారు. గోల్డ్‌బాక్ ఎదురుచూస్తున్నది 1742 నుంచి. ఇంకో నాలుగు రోజులు ఆగినా ఆయనకి పోయేదేమీ లేదు. ఈ పనికి నాన్నగారి రుజువు ఒప్పో తప్పో తేలాల్సిన అవసరం లేదు. రెంటినీ కలిపి ఒకే సమస్యగా చూడ్డం వల్ల మీ ఇంట్లో రెండూ ఆగిపోయాయి.

ఇప్పుడు లెక్క సంగతి. ‘తెలివైన మనిషికి తన తప్పు ఎందుకు కనపడదు’ అన్నారు. నాన్నగారికి కనిపిస్తున్నది తప్పు కాదు, అందరూ నిజమని నమ్మేదే. చిక్కంతా అక్కడే ఉంది.

1742 జూన్‌లో మాస్కో నుంచి గోల్డ్‌బాక్ అనే గణితజ్ఞుడు రాసిన ఉత్తరానికి అదే నెలాఖర్లో బెర్లిన్ నుంచి ఆయిలర్ జవాబిచ్చాడు. ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమేనన్నది పూర్తిగా ఖాయమైన సిద్ధాంతమనుకుంటున్నాననీ, అయినా తాను నిరూపించలేననీ దాని భావం. ఆయిలర్ అంటే లెక్కల్లో ఆయన చెయ్యి పడని మూల లేదు. అలాంటివాడు ఒకే వాక్యంలో ‘ఖాయం’ అనీ ‘చేతకాలేదు’ అనీ రాశాడు. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని ప్రశాంతంగా ఉండగలగడం ఆయిలర్‌కి చేతనైంది. మీ నాన్నగారికి కావడం లేదు. చాలామందికి కాదు.

కావాలంటే మీరూ కాగితం తీసుకుని చూడండి. 10ని 3+7గా, 5+5గా రెండు రకాలుగా రాయొచ్చు. 100ని ఆరు రకాలుగా: 3+97, 11+89, 17+83, 29+71, 41+59, 47+53. 1000కి 28 రకాలున్నాయి, 10,000కి 127. మధ్యలో ఎగుడుదిగుళ్ళున్నా మొత్తం మీద సంఖ్య పెద్దదయ్యేకొద్దీ జంటలు పెరుగుతూ పోతున్నాయి. అలాంటిది ఏదో ఒక సరి సంఖ్య దగ్గర ఒక్కసారిగా సున్నా అయిపోతుందని ఎవరు నమ్ముతారు? 4 పక్కన 18 సున్నాలు పెడితే వచ్చే సంఖ్య వరకూ కంప్యూటర్లతో సరిచూశారు, ఒక్కటీ తప్పలేదు. ఇది నిజమని గణితజ్ఞులకీ నమ్మకమే. మీ నాన్నగారు వాళ్ళకి నేర్పాల్సింది అది కాదు.

అయితే నమ్మకం మీద ఎందుకు ఆగకూడదు? ఆ ఆయిలరే 1769లో ఇంకో ఊహ చేశాడు. అందులో ఒక భాగం ఇది: నాలుగు సంఖ్యల అయిదో ఘాతాలు (ఒక సంఖ్యని అయిదుసార్లు వేసి గుణిస్తే వచ్చేవి) కలిపితే మరో సంఖ్య అయిదో ఘాతం రాదు. దాదాపు రెండు వందల ఏళ్ళు ఎవరికీ ప్రత్యుదాహరణ, అంటే దాన్ని తప్పని చూపే ఉదాహరణ, దొరకలేదు. 1966లో ల్యాండర్, పార్కిన్ అనే ఇద్దరు కంప్యూటర్‌తో వెతికి పట్టుకున్నారు: 27, 84, 110, 133ల అయిదో ఘాతాలు కలిపితే సరిగ్గా 144 అయిదో ఘాతం. ఇంకోటి, 1919లో పోల్యా అన్నాయన చేసిన ఊహ. 1 నుంచి మొదలుపెట్టి 2 దాకా గానీ అంతకు మించి ఎక్కడిదాకా గానీ లెక్కపెట్టినా, ప్రధాన కారణాంకాల లెక్క (12 = 2×2×3కి మూడు అన్నట్టు, మళ్ళీ వచ్చినవీ కలిపి) బేసి అయ్యే సంఖ్యలు సగానికి తగ్గవు. లక్ష వరకూ చూడండి, కోటి వరకూ చూడండి, నిజమే. అది మొదటిసారి తప్పేది 90,61,50,257 దగ్గర. నాన్నగారు చేత్తో లక్ష దాకా సరిచూశానని మీతో అన్నారు. పోల్యా ఊహని కూడా అలాగే సరిచూసి ఉంటే అదీ నిజమేనని ప్రమాణం చేసేవారు.

మన బుద్ధికి చిన్న సంఖ్యలతోనే సావాసం. పదికీ వందకీ వెయ్యికీ మధ్య ఒక వరస కనిపిస్తే అది చివరిదాకా ఉంటుందని మనసు తీర్మానం చేసేస్తుంది. బతకడానికి అది చాలు. కానీ సంఖ్యలకి చివర లేదు, ఎంత దూరం చూసినా చూడనిది అనంతంగా మిగిలే ఉంటుంది. తెలివి ఉన్నవాళ్ళకి ఈ ఇబ్బంది తక్కువేమీ కాదు, బహుశా ఎక్కువే. వరస వాళ్ళకి త్వరగా కనిపిస్తుంది, కనిపించిన దాన్ని సమర్థించే వాదనలూ వాళ్ళకి త్వరగా తడతాయి.

మీరు పంపిన పేజీలు చూశాను. చేతిరాత ముత్యాల్లా ఉంది. మొదటి మూడు పేజీల్లో తప్పులేదు. పదకొండో పేజీలో మీవారు ఆగిన చోటే ఆగాలి. అక్కడ ఆయన చేసింది ఇది: ప్రధాన సంఖ్యలు ఎన్ని ఉంటాయో లెక్కగట్టి, వాటితో ఎన్ని జంటలు అవుతాయో చూసి, ఒక్కో సరి సంఖ్యకి సగటున ఇన్ని జంటలు వస్తాయి, సగటు పెరుగుతోంది కాబట్టి ఏ సంఖ్యకీ సున్నా రాదు అన్నారు. సగటు బాగున్నంత మాత్రాన ఒక్కరికీ లోటు లేదని చెప్పలేం. క్లాసు సగటు 70 వచ్చినా ఒకడు సున్నా తెచ్చుకుంటాడని ఆయనకంటే ఎవరికి బాగా తెలుసు!

దీన్ని ఆయనకి ‘తప్పు’ అని చెప్పక్కర్లేని దారి ఒకటుంది. 4తో భాగిస్తే 1 మిగిలే ప్రధాన సంఖ్యలు తీసుకోండి: 5, 13, 17, 29, 37, 41, ఇలా. ఇవీ అంతం లేకుండా ఉన్నాయి, మొత్తం ప్రధాన సంఖ్యల్లో దాదాపు సగం ఇవే. వీటిలో ఏ రెండు కలిపినా వచ్చే మొత్తాన్ని 4తో భాగిస్తే 2 మిగులుతుంది. అంటే వీటితో 100 ఎప్పటికీ రాదు, 1000 రాదు, 4 గుణిజం ఏదీ రాదు. ఇప్పుడు పదకొండో పేజీలో ‘ప్రధాన సంఖ్యలు’ అన్నచోటల్లా ఈ సంఖ్యలు పెట్టి చదవమనండి. జంటలు పెరుగుతూనే ఉంటాయి, సగటు పెరుగుతూనే ఉంటుంది, వాదన ఎక్కడా తడబడదు. చివరికి 100 కూడా వస్తుందని తేలుతుంది. రాని 100ని రప్పించే వాదన వచ్చే 100 గురించి మాత్రం ఏం చెప్పగలదు? పాఠం చెప్పినవాడు కాబట్టి ఈ ప్రశ్న ఆయన్ని పట్టుకుంటుంది. ఒక రాత్రి నిద్ర పట్టకపోవచ్చు. పట్టకపోనివ్వండి.

ఇక మీ ముందున్న దారులు.

గట్టిగా మానేయమని చెప్పడం మొదటిది. గణితంలో దీనికి ఒక పేరున్న ఉదాహరణ ఉంది. రుజువు అడక్కుండా ఒప్పుకునే యూక్లిడ్ అయిదో స్వీకృతం, అంటే సమాంతర రేఖల సంగతి, చూడగానే నిజమనిపించేది. దాన్ని మిగతా స్వీకృతాల నుంచి రాబట్టాలని రెండు వేల ఏళ్ళు ప్రయత్నించారు. ఫర్కాష్ బోయాయ్ అనే హంగేరియన్ లెక్కల మాస్టారు ఆ పనిలోనే ఏళ్ళు పోగొట్టుకున్నాడు. కొడుకు యానోష్ అదే దారి పట్టాడని తెలిసి, దేవుడి మీద ఒట్టేసి వదిలెయ్యమని, అది నీ తీరికనీ ఆరోగ్యాన్నీ మనశ్శాంతినీ తినేస్తుందని ఉత్తరం రాశాడు. కొడుకు వినలేదు. తండ్రి పుస్తకానికి అనుబంధంగా 1832లో అచ్చయిన యానోష్ పని, ఆ ‘కనిపిస్తున్న నిజం’ లేకుండానే పొసగే ఇంకో రేఖాగణితం ఉందని చూపించింది. ఫర్కాష్‌కి ఉన్నంత హక్కూ అనుభవమూ ఉన్నవాడు చెప్తేనే వినలేదు, మీరు చెప్తే నాన్నగారు వింటారా? మానేశానని పైకి అంటారు, తాళం వేసిన బీరువా మాత్రం అలాగే ఉంటుంది. మీకు అబద్ధం చెప్పాల్సిన అవసరం ఆయనకి కల్పించినవాళ్ళవుతారు.

అలా వదిలేయడం రెండోది. దీన్ని నేను కొట్టిపారెయ్యను. పొద్దున్న లేచి లెక్క చేసుకునే అరవై ఏడేళ్ళ మనిషి పేకాట క్లబ్బులో కూర్చునేవాడికంటే నష్టపోతున్నదేమీ లేదు. బంధువుల ‘ఈ వయసులో’ అన్న మాటకి విలువివ్వకండి. యితాంగ్ జాంగ్ అనే ఆయన ఒకప్పుడు శాండ్‌విచ్ దుకాణంలో పనిచేసి, యాభై ఏళ్ళు దాటాక, 2013లో ప్రధాన సంఖ్యల మీద అందరూ నోళ్ళు వెళ్ళబెట్టే ఫలితం సాధించాడు. 7 కోట్ల లోపు తేడా ఉన్న ప్రధాన సంఖ్యల జంటలు అనంతంగా ఉన్నాయని. కాకపోతే, ఇది నాన్నగారికి చెప్పేటప్పుడు రెండో సగం కూడా చెప్పాలి. జాంగ్ పీహెచ్‌డీ చేసినవాడు, తనకి ముందు ఎవరు ఎక్కడిదాకా వచ్చి ఆగారో గీటు గీటూ తెలిసినవాడు. గోల్డ్‌బాక్ విషయంలో ఆ ఆగిన చోటు కూడా తెలుసు. 1973లో చెన్ జింగ్‌రున్ చూపించింది ఏమిటంటే, తగినంత పెద్దదైన ప్రతి సరి సంఖ్యా ఒక ప్రధాన సంఖ్యకి, రెండుకి మించని ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని కలిపితే వస్తుంది. ఆ ‘రెండు’ని ‘ఒకటి’ చెయ్యడం అప్పట్నించి ఎవరివల్లా కాలేదు. నాన్నగారి కాగితాల్లో చెన్ పేరు ఉందేమో చూడండి. లేకపోతే ప్రొఫెసర్లు ఎందుకు జవాబివ్వలేదో మీకే తెలుస్తుంది.

వదిలేస్తే డబ్బుకి మాత్రం గట్టు కట్టాలి. గణితంలో పేరున్న సంప్రదాయ పత్రికలు వ్యాసం వెయ్యడానికి రచయిత దగ్గర డబ్బు తీసుకోవు. అందరూ ఉచితంగా చదివేలా అచ్చువేసే కొన్ని మంచి పత్రికలు తీసుకుంటాయి, నిజమే, కానీ క్షుణ్ణంగా పరీక్షించాకే. రెండు వందల ఎనభై ఏళ్ళ సమస్యని వారంలో ఒప్పేసుకున్న పత్రిక దాన్ని చదవలేదు.

మూడోది, సరిగ్గా చూపించడం. ఇక్కడ అడిగే తీరు ముఖ్యం. ‘నా రుజువు సరైనదేనా’ అని ప్రపంచంలో ఏ ప్రొఫెసర్‌కి రాసినా జవాబు రాదు. ఎందుకో చెప్తాను. ఫెర్మా చివరి సిద్ధాంతమని సంఖ్యల మీదే ఇంకో పాత సమస్య ఉండేది. దాని రుజువుకి 1908లో జర్మనీలో లక్ష మార్కుల బహుమతి పెడితే, అక్కడి గోటింగెన్ నగరానికి మొదటి ఏడాదిలోనే 621 ‘రుజువులు’ వచ్చాయి. ఎడ్మండ్ లాండౌ అనే ప్రొఫెసర్ కార్డులు అచ్చువేయించాడు: ‘మీ రుజువులో మొదటి తప్పు ఫలానా పేజీ ఫలానా పంక్తిలో ఉంది’. ఖాళీలు నింపే పని శిష్యులకిచ్చాడు. క్రూరంగా అనిపిస్తుంది గానీ, ఆ ఖాళీలు నింపడం కూడా ఒక మర్యాదే, చదివారు కాబట్టి. నాన్నగారి పాత విద్యార్థుల్లో గణితంలో పరిశోధన చేసినవాళ్ళు ఒక్కరైనా ఉంటారు. వాళ్ళకి ‘నా రుజువులో మొదటి తప్పు ఎక్కడుందో చెప్పగలవా’ అని ఆయన చేత రాయించండి. ముందే ఒక ఒప్పందం చేసుకోవాలి: తప్పు దొరికితే, దాన్ని సరిదిద్దేదాకా ఎక్కడికీ పంపకూడదు, ఎవరికీ డబ్బు కట్టకూడదు. దీనివల్ల ఆయన మానేస్తారనుకోకండి. అతుకు వేస్తారు, ఇంకో అతుకు వేస్తారు. ఆండ్రూ వైల్స్ 1993లో ఫెర్మా సిద్ధాంతం రుజువు ప్రకటించాక దాన్లోనే లోపం బయటపడితే, రిచర్డ్ టేలర్‌తో కలిసి దాన్ని సరిదిద్దడానికి మరుసటేడు సెప్టెంబరు దాకా పట్టింది. అతుకు వేయడం సిగ్గుపడే పని కాదు. కానీ నాన్నగారి అతుకులకి వైల్స్ పేరు అడ్డు పెట్టుకోనివ్వకండి.

నాలుగో దారి నాకు కొంచెం ఇష్టమైంది, మీవారు సాఫ్ట్‌వేర్ మనిషి కాబట్టి. రుజువుల్ని మెట్టు మెట్టుగా పరీక్షించే ప్రోగ్రాములున్నాయి, ‘లీన్’ అనేది వాటిలో ఒకటి, ఉచితం. కమలాలు గుట్టగా పేర్చడంలో పళ్ళకొట్టువాడి పద్ధతే అన్నిటికన్నా మేలని 1611లో కెప్లర్ అన్నాడు. చూసే ప్రతివాడికీ తెలిసిన ఆ సంగతిని టామస్ హేల్స్ 1998లో నిరూపిస్తే, పరీక్షకులు ఏళ్ళ తరబడి చదివి ‘99 శాతం సరే’ అని చేతులెత్తేశారు. చివరికి ఆ రుజువునంతా కంప్యూటర్ చేత పరీక్ష చేయించి 2014లో ముగించారు. అల్లుడు ‘ఎలా వచ్చింది’ అంటే అహం దెబ్బతింటుంది, ప్రోగ్రాం అదే అంటే తినదు. దీనిలో చిక్కు లేకపోలేదు. నేర్చుకోవడానికి నెలలు పడుతుంది, ఆయన ఇంకా లోపలికి మునిగిపోవచ్చు కూడా. కానీ మునిగితే ఈసారి పక్కన అల్లుడుంటాడు.

ఆయన్ని ట్యూషన్లు చెప్పుకోమని, పిల్లల కోసం ప్రధాన సంఖ్యల మీద తెలుగులో వ్యాసాలు రాయమని కూడా చాలామంది సలహా ఇస్తారు. ఇవ్వనివ్వండి. అడగనిదే పనీపాటా చూపించడం పెద్దవాళ్ళకి నచ్చదు.

ఒక సంగతి ముందే చెప్పి ఉంచుతాను. పదకొండో పేజీ పడిపోతే నాన్నగారు గోడెల్ దగ్గరికి వెళ్తారు, అందరూ వెళ్ళేదే. మామూలు అంకగణితం ఇమిడేటంత బలమున్న, తనలో తనకి విరోధం లేని, ఒక పద్ధతి ప్రకారం జాబితా రాయగలిగే ఏ నియమాల సమితిని తీసుకున్నా, నిజమై ఉండి కూడా ఆ నియమాలతో నిరూపించలేని వాక్యాలు ఉంటాయని 1931లో కుర్ట్ గోడెల్ చూపించాడు. ‘నాది కూడా అలాంటిదే, అందుకే నిరూపణ కుదరడం లేదు’ అంటారు. కావచ్చు. గోల్డ్‌బాక్ ఊహ అలాంటి వాక్యమో కాదో ఇవాళ ఎవరికీ తెలియదు. కానీ అలాంటిదని అనడానికి కూడా రుజువు కావాలి. రుజువు కుదిరిందని సంక్రాంతికి చెప్పిన మనిషి, కుదరదని ఉగాదికి చెప్తే రెండూ ఒకేసారి నిజం కావు. ఈ మాట నవ్వుతూ అనండి, ఆయన నవ్వుతారు.

డాక్టర్ సంగతి. ఒక లెక్క పట్టుకుని కూర్చోవడం జబ్బు కాదు. నోటుపుస్తకాలకి తాళం వెయ్యడమూ ఈ బాపతు వాళ్ళలో మామూలే. ఆయన నిద్ర బాగా తగ్గిపోయి, అయినా అలసట లేకుండా హుషారుగా ఉంటున్నారా? అనుమానం ప్రొఫెసర్లని దాటి పాలవాడి మీదికి, పక్కింటివాళ్ళ మీదికి, మీ అమ్మగారి మీదికి వచ్చిందా? తెలిసిన దారిలో తడబడుతున్నారా, బ్యాంకు పని చెయ్యలేకపోతున్నారా? వీటిలో ఒక్కటున్నా ఆలస్యం చెయ్యకండి. గోల్డ్‌బాక్ పేరెత్తకుండా, ‘ఏడాదికోసారి చేయించుకునే పరీక్షలు’ అని మీ ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి, ఈ వివరాలు ముందుగా ఆయనకి ఫోన్‌లో చెప్పండి. ఇవేవీ లేకపోతే వదిలెయ్యండి.

మీవారి క్షమాపణ గురించి. ఆయన అడిగింది సరైన ప్రశ్న, సరైన చోట. దానికి క్షమాపణ చెప్తే మీ నాన్నగారి ముందు ఒక అబద్ధం నిలబెట్టినట్టవుతుంది, రేపు ఆయనకి నిజం తెలిశాక ఇంకా చిన్నతనంగా ఉంటుంది. అందరి ముందూ అడగడం మాత్రం బాగాలేదు, దానికి ఒక మాట అంటే చాలు: ‘మావయ్యగారూ, అందరిలో అడగకుండా ఉండాల్సింది’ అని. ఆ తర్వాత 5, 13, 17, 29 ఉన్న కాగితం ఒకటి ఆయన చేతికిచ్చి, ‘వీటితో 100 ఎందుకు రావడం లేదో మీరు చెప్తే వింటాను’ అని అడగమనండి. ఆపరేషన్ రోజు హాస్పిటల్ వరండాలో ఇద్దరికీ ఎలాగూ చాలాసేపు పని ఉండదు. ఆ పత్రికవాళ్ళ మెయిల్‌కి జవాబు ఇవ్వక్కర్లేదు. మళ్ళీ మళ్ళీ అడుగుతారు, ఈసారి 25 వేలకే వేస్తామంటారు, దానికీ ఇవ్వకండి.